కళాశాల బాస్కెట్‌బాల్ ప్రసారాలలో ‘సిండరెల్లా’ కథనం: విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

అమెరికాలో ఏటా మార్చి నెలలో ప్రారంభమయ్యే ఎన్‌సీఏఏ పురుషుల బాస్కెట్‌బాల్ టోర్నమెంటు 1939లో 8 జట్లతో మొదలై, 1985లో 64 జట్లకు, 2011లో 68 జట్లకు విస్తరించింది. ఒక్క ఓటమితో జట్టు నిష్క్రమిస్తుంది. బలహీనమైనదిగా పరిగణింపబడిన జట్టు గెలిస్తే అక్కడి టెలివిజన్ దానిని ‘సిండరెల్లా’ అంటుంది. తెలుగు క్రీడావార్తలలో అటువంటి జట్టు ‘పసికూన’. పసికూనకు ఎదిగే అవకాశం ఉంది; సిండరెల్లా వైభవానికి అర్ధరాత్రి గడువు ఉంది. ఈ భేదం ప్రసారకథన స్వభావాన్ని స్పష్టపరుస్తుంది.

కథన నిర్మాణం

ఎంపిక సంఘం నాలుగు విభాగాలలోనూ జట్లకు 1 నుండి 16 వరకు సీడింగ్ ఇస్తుంది. తెరపై జట్టు పేరు పక్కనే ఆ సంఖ్య కనిపిస్తుంది. ఆట మొదలవకముందే ప్రేక్షకునికి పెద్ద ఎవరో, చిన్న ఎవరో తెలిసిపోతుంది. 2018 వరకు పురుషుల టోర్నమెంటులో 1వ సీడుతో ఆడిన 135 మ్యాచ్‌లలోనూ 16వ సీడు జట్లే ఓడాయి. ఆ ఏడు యూఎంబీసీ జట్టు వర్జీనియాపై 74–54 తేడాతో గెలిచింది. ప్రథమార్ధం 21–21తో సమానంగా ముగిసిన ఆటలో 20 పాయింట్ల విజయం అదృష్టంతో దక్కేది కాదు. అయినా ‘అద్భుతం’ అన్న మాట ఆ ఆటలోని నైపుణ్యాన్ని కప్పివేస్తుంది.

తెర వెలుపలి ముగింపు

సీబీఎస్, టర్నర్ సంస్థలు 2011 నుండి 14 ఏళ్ల ప్రసార హక్కులకు 1,080 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాయి. అంత విలువైన ప్రసారానికి అనూహ్య విజయం ప్రధాన ఆకర్షణ. 2022లో జెర్సీ సిటీకి చెందిన సెయింట్ పీటర్స్ జట్టు అదనపు సమయంలో కెంటకీని 85–79తో ఓడించి, చివరి 8 జట్ల దశకు చేరిన తొలి 15వ సీడుగా నిలిచింది. అక్కడ నార్త్ కరోలినా చేతిలో 69–49తో ఓడింది. టెలివిజన్ కథ అంతటితో ముగిసింది. కొద్ది రోజులకే శిక్షకుడు షాహీన్ హాలోవే సీటన్ హాల్‌కు వెళ్లారు. ముఖ్య ఆటగాళ్లు కొందరు ఇతర కళాశాలలకు మారారు. విజయం తెచ్చిన గుర్తింపు వ్యక్తులకు దారి చూపింది. వారిని నిలుపుకొనే శక్తిని మాత్రం ఆ చిన్న విద్యాసంస్థకు ఇవ్వలేదు.

ముగింపు

టెలివిజన్ లేకుంటే ఈ జట్ల ప్రతిభ దేశమంతటికీ తెలిసేది కాదన్నది నిజం. అయితే అసమానతను కథకు నేపథ్యంగా వాడుకొని, దాని కారణాలను వదిలివేయడం ఈ కథనంలోని ప్రధాన లోపం. గెలిచిన రాత్రితోపాటు మరుసటి సంవత్సరాన్ని కూడా చూపినప్పుడే చిన్న జట్టు చరిత్ర సమగ్రమవుతుంది.