లండన్‌ను చూసిన గోండు కన్ను

మన కళ ఏది అని అడిగితే మన యువకులు గుస్సాడీ, ధింసా, కొమ్ము నృత్యం అని చెబుతారు. అవి మన పెద్దలిచ్చిన సంపద. అయితే బతుకులో ఎదురైనదానికి మన మనసు ఎలా స్పందించిందో చెప్పడం కూడా కళే. ఈ రెండో పని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటున్నాం. అందుకే భజ్జు శ్యామ్ బొమ్మల పుస్తకం 'ది లండన్ జంగిల్ బుక్' మన ఉపాధ్యాయులూ విద్యార్థులూ చూడాలంటాను. చెన్నైలోని తారా బుక్స్ 2004లో దీన్ని ప్రచురించింది.

భజ్జు శ్యామ్ మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్‌లో పుట్టిన పర్ధాన్ గోండు. మన ఆదిలాబాద్ పర్ధాన్లు కిక్రి వాయిస్తూ గోండుల కథలు పాడతారు. అక్కడి పర్ధాన్ల వాద్యం బాణా. భజ్జు పొట్టకూటికి భోపాల్ వచ్చి రాత్రి కాపలా పని చేశాడు. తన బంధువైన గొప్ప చిత్రకారుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ దగ్గర బొమ్మలు నేర్చాడు. 2002లో ఒక రెస్టారెంటు గోడలమీద బొమ్మలు వేయడానికి లండన్ వెళ్లి రెండు నెలలు ఉన్నాడు. ఆ రెండు నెలలే ఈ పుస్తకం.

విమానం ఎగరడం ఏనుగు ఎగిరినంత వింతగా తోచింది. రెక్కల ఏనుగును వేశాడు. భూమి కింద పరుగెత్తే రైలు వానపామైంది, ఎందుకంటే గోండు కథల్లో భూమి కింది లోకానికి రాజు వానపామే. పరాయి ఊళ్లో దారి తప్పకుండా రోజూ తీసుకెళ్లి తీసుకొచ్చిన 30 నంబరు బస్సు విశ్వాసంగల కుక్కైంది. పొద్దుగూకాక పబ్బుల్లో గుమిగూడే జనం ఇప్పచెట్టు చుట్టూ ముసిరే గబ్బిలాలయ్యారు. బిగ్ బెన్ గడియారం, మనకు పొద్దు చెప్పే కోడిపుంజు ఒకే బొమ్మలో కలిశాయి.

ఇవి అలంకారం కోసం తెచ్చిన పోలికలు కావు. కొత్తది ఎదురైనప్పుడు భజ్జు తనకు తెలిసిన లోకంతో దాన్ని అర్థం చేసుకున్నాడు. భయం, ఆశ్చర్యం, నవ్వు, ఒంటరితనం ఆ జంతువుల్లోకి వచ్చాయి. బస్సు కుక్క ఎందుకైందో ఆలోచిస్తే, తోడులేని మనిషి కనబడతాడు.

ఇంకో సంగతి. ఇంగ్లండు నుంచి వచ్చిన వెరియర్ ఎల్విన్ అదే పాటన్‌గఢ్‌లో నివసించి ఆదివాసుల గురించి రాశాడు. హైమన్‌డార్ఫ్ మన మార్లవాయిలో ఉండి రాజ్‌గోండుల గురించి రాశాడు. వాళ్ల మేలు మరువలేం. కానీ చూసేవాళ్లు వాళ్లు, చూడబడేవాళ్లం మనం. ఈ పుస్తకంలో అది తిరగబడింది. గోండు చూస్తున్నాడు, లండన్ చూడబడుతోంది. ఎవరినీ తిట్టకుండానే ఇంత పెద్ద పని జరిగింది.

నాకు ఒక లోటు కూడా కనిపించింది. భజ్జు నోటితో చెప్పిన మాటలు పుస్తకంలో ఇతరుల చేతుల మీదుగా ఇంగ్లీషులోకి వచ్చాయి. బొమ్మ పూర్తిగా అతనిది, వాక్యం అంతగా అతనిది కాదు. మన పిల్లలు బొమ్మతోపాటు మాటనూ తామే పట్టుకోవాలి, గోండిలోనో కోయలోనో తెలుగులోనో.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. గిరిజన చిత్రకళ పోటీ అనగానే పిల్లలు చేతులు పట్టుకుని ఆడే వరస, ఒక డోలు, ఒక గుడిసె వేస్తారు. ఎందుకంటే బహుమతి దానికే వస్తుందని వాళ్లకు తెలుసు. చుక్కలు, గీతలు ఎవరైనా నేర్చుకోవచ్చు. చూపు మాత్రం పిల్లవాడి దగ్గరే ఉంటుంది. దాన్ని మనమే వాడనివ్వకపోతే ఇంకెవరు వాడనిస్తారు?

వాళ్లను వేరే ప్రశ్న అడుగుదాం. మొదటిసారి హాస్టల్లో వదిలి నాన్న వెళ్లిపోయిన సాయంత్రం నీకు ఏ జంతువులా కనిపించింది? వేలిముద్ర పడక అవ్వకు బియ్యం ఇవ్వని యంత్రం ఏమిటి? ఊరు దాకా రాని బస్సు ఏమిటి? జవాబు బొమ్మగా వేయమందాం. కింద రెండు వాక్యాలు ఇంటి భాషలో రాయమందాం. ఆ కాగితాలను బడి గోడకు అంటిద్దాం.