కొన్న కాపలా, వెంట వచ్చిన కాపలా

హైదరాబాద్ నారాయణగూడ, చిక్కడపల్లి ఇళ్లలో కొత్త కంప్యూటర్ దిగగానే ఎవరో ఒకరు అడిగే ప్రశ్న "యాంటీవైరస్ వేయించారా?" అని. విండోస్‌తోపాటే డిఫెండర్ వస్తోంది కదా అంటే దుకాణం కుర్రాడు నవ్వేస్తాడు. "డిఫెండర్ ఉంటది సార్, కానీ అది ఫ్రీది. రెండూ ఉంటే సేఫ్." సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి సిస్టం అసెంబుల్ చేయించుకున్నా ఇదే మాట వినపడుతుంది. ఆ కుర్రాడి మాటలో సగం పాతబడిన నిజం. "ఫ్రీది" అన్న చిన్నచూపు ఒకప్పుడు న్యాయమైనదే. మిగతా సగం, "రెండూ ఉంటే" అన్నది, ఇంటి కంప్యూటర్‌లో మామూలుగా జరగని పని.

ముందు ఆ చిన్నచూపు సంగతి. కొన్న కాపలాల్లో మన దగ్గర బాగా వినపడే పేరు క్విక్ హీల్. పుణెలో కాలిక్యులేటర్లు బాగుచేసిన కైలాశ్ కాట్కర్, ప్రోగ్రాములు రాసే తమ్ముడు సంజయ్ కలిసి నిలబెట్టిన కంపెనీ. 1993లో క్యాట్ కంప్యూటర్ సర్వీసెస్‌గా మొదలై 2007లో క్విక్ హీల్ టెక్నాలజీస్ అయింది. చెన్నైలో కె7 కంప్యూటింగ్ అంతకంటే ముందే, 1991లో పుట్టింది. క్విక్ హీల్ రిపేరు బల్ల మీద పుట్టిన సరుకు. చెడిపోయిన సిస్టంను మళ్లీ నడిపించడం, పిలిస్తే మనిషి పలకడం దాని స్వభావం.

డిఫెండర్ పుట్టుక వేరు. మైక్రోసాఫ్ట్ 2004 డిసెంబరులో జయింట్ అనే కంపెనీని కొని, దాని స్పైవేర్ నిరోధక ప్రోగ్రామ్‌ను దిద్ది, 2006లో విండోస్ డిఫెండర్‌గా విడుదల చేసింది. అప్పటికి దాని పని స్పైవేర్ వరకే, వైరస్‌ల జోలికి పోదు. 2009లో సెక్యూరిటీ ఎసెన్షియల్స్ పేరుతో వేరే ఉచిత యాంటీవైరస్ తెచ్చింది. 2012లో విండోస్ 8తో ఆ శక్తి అంతా డిఫెండర్‌లో చేరి, విండోస్‌లోనే భాగమైపోయింది. అదే ఏడాది చివర్లో జర్మనీలోని ఏవీ-టెస్ట్ సంస్థ ఎసెన్షియల్స్‌కు తన సర్టిఫికెట్ నిరాకరించింది. దుకాణం కుర్రాడు ఇవాళ చెబుతున్న తీర్పు ఆనాటిది. ఆ సంస్థ మాత్రం అక్కడే ఆగిపోలేదు. 2018 నుంచి దాని పరీక్షల్లో డిఫెండర్ తరచూ పూర్తి మార్కులు తెచ్చుకుంటూ, డబ్బిచ్చి కొనేవాటి సరసన కూర్చుంటోంది.

అయితే ఈ మార్కులకు ఒక షరతు ఉంది. డిఫెండర్ బలంలో పెద్ద పాలు మైక్రోసాఫ్ట్ సర్వర్లది. అనుమానం వచ్చిన ఫైలు గురించి అక్కడ అడిగి తెలుసుకుంటుంది. నెట్ తీసేస్తే దాని చూపు మందగిస్తుందని ఏవీ-కంపారటివ్స్ అనే ఆస్ట్రియా సంస్థ పరీక్షల్లో పదేపదే తేలింది. ఫైబర్ లైను ఉన్న ఇంటికి ఇది పెద్ద లోపం కాకపోవచ్చు. అశోక్‌నగర్‌లో మాత్రం ఆలోచించాల్సిన విషయమే.

ఎందుకంటే పోటీ పరీక్షల అభ్యర్థులుండే అశోక్‌నగర్ ఇప్పటికీ పెన్‌డ్రైవ్‌ల పేట. గ్రూప్-1, గ్రూప్-2 నోట్సులు, పాత ప్రశ్నపత్రాలు, అప్లికేషన్ ప్రింట్లు పెన్‌డ్రైవ్ ఎక్కి గది నుంచి జిరాక్స్ సెంటర్‌కి, అక్కడి నుంచి ఇంకో గదికి తిరుగుతుంటాయి. "షార్ట్‌కట్ వైరస్" అని ఈ పేటలో చిన్నాపెద్దా పిలిచే జబ్బు ఇలాగే వ్యాపించింది. అది మన ఫోల్డర్లను చెరిపేయదు. కనపడకుండా దాచి, అవే పేర్లతో షార్ట్‌కట్లు పెడుతుంది. నొక్కితే ముందు తాను నడిచి, తర్వాత మన ఫోల్డర్ తెరిచి చూపిస్తుంది. అంతా మామూలుగానే ఉందనిపిస్తుంది. పెన్‌డ్రైవ్ గుచ్చగానే దానంతటదే ప్రోగ్రామ్ నడిచిపోయే పాత సౌకర్యాన్ని మైక్రోసాఫ్ట్ విండోస్ 7లో తీసేసింది, 2011 ఫిబ్రవరిలో పాత విండోస్‌లకూ ఆ మార్పు పంపింది. అయినా షార్ట్‌కట్ నొక్కే వేలు మనదే కదా.

ఈ చోట కొన్నదానికే నా ఓటు. పెన్‌డ్రైవ్ పెట్టగానే అది ఆపి, మొత్తం వెతికి, ఏమైనా దొరికితే తెర మీద చెబుతుంది. డిఫెండర్ మామూలు అమరికలో అలా చేయదు. ఫైలు తెరిచినప్పుడే దాన్ని చూస్తుంది. సాంకేతికంగా అది చాలు. కానీ రోజుకు ఎంతోమంది పెన్‌డ్రైవ్‌లు పెట్టే జిరాక్స్ సెంటర్ కంప్యూటర్ దగ్గర, "ఈ పెన్‌డ్రైవ్‌లో వైరస్ ఉంది" అని ముందే కనపడేలా చెప్పడం కూడా రక్షణలో భాగమే. సెంటర్ కుర్రాడు దాన్ని తీసి తెచ్చినవాళ్ల చేతికిచ్చేస్తాడు.

కొన్న కాపలా బలహీనత కూడా ఈ మాటకారితనంలోనే ఉంది. డిఫెండర్ చాలా తక్కువ మాట్లాడుతుంది. ఉందో లేదో తెలియనంత మౌనం. కొన్నవాటిలో చాలా వాటికి నోరు పెద్దది: రెన్యూవల్ దగ్గరపడింది, మీ సిస్టం ప్రమాదంలో ఉంది, ఇంకో ప్యాకేజీ తీసుకోండి. ఎర్రరంగు పెట్టె కనపడగానే నొక్కడం ఇంటిల్లిపాదికీ అలవాటు చేసిందెవరు? బ్రౌజర్‌లో పైకి లేచే దొంగ హెచ్చరికలు, "మీ నార్టన్ రెన్యూ అయింది, డబ్బు వాపసు కావాలంటే ఈ నంబర్‌కు ఫోన్ చేయండి" అనే దొంగ మెయిళ్లు అచ్చం ఆ గొంతునే అనుకరిస్తాయి. ఎవరూ విననంత మెల్లగా మాట్లాడేవాడి గొంతును దొంగ అనుకరించి లాభం లేదు. ఈ ఒక్క కారణంతోనే, ఇంట్లో పెద్దవాళ్లు వాడే కంప్యూటర్‌కు నేను డిఫెండర్‌నే ఎంచుకుంటాను.

ఇక "రెండూ". యాంటీవైరస్ పనిచేసే చోటు విండోస్ లోలోపల, ఫైలు తెరుచుకునే దారిలో. మనం ఫైలు నొక్కగానే దాన్ని క్షణం పట్టి ఉంచి, చూసి, వదులుతుంది. ఆ దారిలో ఇద్దరు నిలబడితే ఒకరు పట్టుకున్న ఫైలును ఇంకొకరు లాగుతారు, ఒకరి దగ్గరున్న వైరస్ గుర్తుల జాబితాను చూసి ఇంకొకరు వైరసే అనుకోవచ్చు కూడా. సిస్టం స్లో అవడం, హ్యాంగ్ అవడం వీటి ఫలితమే. అందుకే ఇంటి విండోస్‌లో వేరే యాంటీవైరస్ వచ్చి నమోదు కాగానే డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది. మనం అనుమతిస్తే అప్పుడప్పుడు ఒక చుట్టు తిరిగి చూస్తుంది, అంతే. రెండు ఉన్నాయనుకున్న ఇంట్లో డ్యూటీలో ఉన్నది ఒకటే.

తప్పుకుంటూ అది తన వెంట ఒకటి తీసుకుపోతుంది. 2017 అక్టోబరు విండోస్ 10లో వచ్చిన "కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్" అనే ఏర్పాటు అది. డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లలో ముక్కూముఖం తెలియని ప్రోగ్రామ్ చేయి పెట్టకుండా ఆపుతుంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ మీద సూటిగా పనిచేసే అడ్డు. డిఫెండర్ నిత్య కాపలాలో ఉంటేనే అది నడుస్తుంది. డబ్బు పెట్టి ఒక పొర కొంటే, ఉన్న పొర ఒకటి చెప్పాపెట్టకుండా పోతుందన్నమాట. క్విక్ హీల్ లాంటివి తమ సొంత రాన్సమ్‌వేర్ అడ్డు, బ్యాకప్ ఇస్తాయి కాబట్టి లెక్క సరిపోవచ్చు. ఉచితంగా దొరికే వాటన్నిటిలో సరిపోదు. మైక్రోసాఫ్ట్‌ను కూడా తప్పు పట్టాల్సిందే: ఇంత పనికొచ్చే ఏర్పాటును ఎవరికీ కనపడని మూలలో ఆఫ్ చేసి పెట్టింది. డిఫెండర్ మౌనం ఇక్కడ సుగుణం కాదు, నిర్లక్ష్యం.

కాపలాదారే ఇల్లు గుల్ల చేసిన కథలు రెండు వైపులా ఉన్నాయి. 2010 ఏప్రిల్‌లో మెకాఫీ ఒక అప్‌డేట్‌లో విండోస్ ఎక్స్‌పీ సొంత ఫైలునే వైరస్ అనుకుని కంప్యూటర్లను పడగొట్టింది. 2017 మేలో గూగుల్ పరిశోధకులు డిఫెండర్ ఇంజిన్‌లోనే ఒక కన్నం పట్టారు: అది స్కాన్ చేస్తే చాలు, దాడి జరిగిపోయే రకం. మైక్రోసాఫ్ట్ రోజుల్లోనే పూడ్చింది. ఉచిత యాంటీవైరస్ ఇచ్చే అవాస్ట్ తన వాడకందారుల బ్రౌజింగ్ వివరాలను జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్ముకుందని 2020లో బయటపడింది, 2024లో అమెరికా ఎఫ్‌టీసీ 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. ఇది ఆ కుర్రాడు చిన్నచూపు చూడాల్సిన అసలైన "ఫ్రీ". అమెరికాలో కాస్పర్‌స్కీ యాంటీవైరస్‌ను నిషేధించాక, 2024 సెప్టెంబరులో అక్కడి వాడకందారులకు తెల్లారేసరికి దాని స్థానంలో అల్ట్రాఏవీ అనే పేరు విననిది దిగి కూర్చుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లలో కాస్పర్‌స్కీ వాడినవాళ్లకు ఇది అనుభవమే. 2024 జులై 19న, కంపెనీల యంత్రాలకు కాపలా కాసే క్రౌడ్‌స్ట్రైక్ తప్పుడు అప్‌డేట్ దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలను నీలి తెర చేసినప్పుడు, హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఇండిగో ప్రయాణికుడి చేతిరాత బోర్డింగ్ పాస్ ఫొటో లోకమంతా తిరిగింది. క్రౌడ్‌స్ట్రైక్ ఇళ్లలో వాడేది కాదు. కానీ విండోస్ లోలోపలికి ఎవరిని రానిస్తున్నామో ఇంట్లోనూ అడగాల్సిందే.

ఇంతవరకూ పోలిక నడిచింది. ఈ పేటలో కంప్యూటర్లు నిజంగా చెడేది మాత్రం రెండూ సమానంగా ఓడిపోయే చోట.

చిక్కడపల్లి, నారాయణగూడ సందుల్లోని డీటీపీ సెంటర్లు చూడండి. అడోబ్ 2001లో విడుదల చేసి, ఆ తర్వాత కొత్త వెర్షన్ తీసుకురాని పేజ్‌మేకర్ 7, దానికి అను ఫాంట్లు. తెలుగు పుస్తకాలు, శుభలేఖలు, కరపత్రాలు ఎన్నో ఈ జోడీ మీదే అచ్చుకెక్కాయి. ఈ రెంటినీ నడపడానికే పాత విండోస్‌ను పట్టుకు వేలాడినవాళ్లున్నారు. పైగా తెలుగు టైపింగ్ ప్రోగ్రామ్ మనం నొక్కే ప్రతి మీటనూ మధ్యలో పట్టుకుని మార్చాలి. పాస్‌వర్డులు దొంగిలించే కీలాగర్ చేసేదీ మీటలు పట్టుకోవడమే. యాంటీవైరస్‌కు అనుమానం రావడానికి ఆస్కారముంది. అనుమానం వస్తే పని ఆగుతుంది. పని ఆగితే ఆపరేటర్ ఆ ఫోల్డర్‌ను "చూడొద్దు" జాబితాలో పెడతాడు, లేదా యాంటీవైరస్‌నే ఆపేస్తాడు. ఆయన తప్పేముంది, సాయంత్రానికి ప్రూఫ్ ఇవ్వాలి.

క్రాక్‌ల దారి ఇంకా దారుణం. విండోస్‌కో ఫొటోషాప్‌కో దొంగ కీ ఇచ్చే ప్రోగ్రామ్‌తోపాటు వచ్చే సూచనల్లో మొదటిది ఎప్పుడూ ఒకటే: "ముందు యాంటీవైరస్ ఆపండి." డిఫెండర్‌కైనా క్విక్ హీల్‌కైనా ఇక్కడ చేయగలిగింది లేదు, ఇంటాయనే తలుపు తీశాడు. స్టాప్/డీజేవీయూ అనే రాన్సమ్‌వేర్ కుటుంబం ఇళ్ల మీద పడి బతికింది ఎక్కువగా ఈ దారినే. 2019 అక్టోబరులో ఎమ్సిసాఫ్ట్ ఆ తాళం తీసే పరికరాన్ని ఉచితంగా ఇచ్చింది గానీ, కొత్త రకాలు సర్వర్ నుంచి తెచ్చుకున్న తాళంతో మూసిన ఫైళ్లకు అది పనిచేయదు. ఏడాదికి వెయ్యి రూపాయలు యాంటీవైరస్‌కు పెట్టి, దొంగ విండోస్ మీద దాన్ని వేయించడం ఈ పేటలోనే కాదు, ఎక్కడైనా వృథా ఖర్చే.

ఖాతాలు, పాస్‌వర్డ్‌ల దగ్గరా అంతే. అశోక్‌నగర్ మర్చిపోలేని 2023 మార్చి ఉదంతంలో, తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ కాన్ఫిడెన్షియల్ విభాగం కంప్యూటర్‌లోంచి లోపలి మనుషులే ప్రశ్నపత్రాలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నారన్నది సిట్ అభియోగం. 2022 అక్టోబరు 16న జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది. అనుమతి ఉన్న ఖాతాతో లోపలికొచ్చి ఫైలు కాపీ చేస్తే ఏ యాంటీవైరస్ లెక్కలోనూ అది నేరం కాదు. ఇంట్లో అందరూ ఒకే అడ్మిన్ ఖాతా వాడటం కూడా చిన్న స్థాయిలో ఇలాంటిదే. పిల్లలకు వేరే మామూలు ఖాతా చేసి ఇవ్వడానికి పది నిమిషాలు, రూపాయి ఖర్చు లేదు. ఆ పొర అమ్మితే కమీషన్ రాదు కాబట్టి దుకాణంలో ఎవరూ చెప్పరు. ఎనీడెస్క్ సంగతీ చూడండి. దూరం నుంచి కంప్యూటర్‌నో ఫోన్‌నో నడిపించడానికి అసలైన కంపెనీ చేసిన అసలైన ప్రోగ్రామ్ అది. ఫోన్లో నమ్మబలికి దాన్ని వేయించి బ్యాంకు ఖాతా ఊడ్చేసే మోసాల గురించి రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. అప్పుడు కాపలాదారులిద్దరికీ పట్టుకోవడానికి ఏమీ ఉండదు. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

అప్‌డేట్లు వేయకపోయినా కథ ఇదే. 2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖ, శ్రీకాకుళం జిల్లాల పేర్లు వార్తల్లోకి వచ్చాయి. ఎవరూ ఏదీ నొక్కక్కర్లేకుండా నెట్‌వర్క్ మీద పాకే పురుగు అది. దాన్ని ఆపే విండోస్ అప్‌డేట్ మార్చి 14నే విడుదలైంది, రెండు నెలల ముందు. ఎక్స్‌పీకి మాత్రం 2014 ఏప్రిల్‌లోనే మద్దతు ముగిసినందున అప్పుడు రాలేదు. దాడి జరిగాక మైక్రోసాఫ్ట్ హడావుడిగా పంపింది.

ఈ లెక్క ఇప్పుడు విండోస్ 10కి వచ్చింది. 2025 అక్టోబరు 14తో దాని మద్దతు ముగిసింది. టీపీఎం 2.0, కొత్త తరం ప్రాసెసర్ లేని పాత అసెంబుల్డ్ యంత్రాలను మైక్రోసాఫ్ట్ విండోస్ 11కి రానివ్వదు. "అప్‌డేట్లు రాకపోతే ఏమైంది సార్, మంచి యాంటీవైరస్ వేస్త" అని కుర్రాడు అంటాడు. వేస్తాడు కూడా. డిఫెండర్ వైరస్ గుర్తులు సైతం విండోస్ 10కి 2028 అక్టోబరు దాకా వస్తాయి. అవి వచ్చిన వైరస్‌ను గుర్తుపట్టడానికి మాత్రమే, విండోస్‌లో పడిన కన్నం పూడ్చడానికి కాదు. కన్నాలు పూడ్చే అప్‌డేట్లు ఇళ్లకు ఇంకో ఏడాది, 2026 అక్టోబరు 13 వరకూ ఇస్తారు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగులు బ్యాకప్ చేసుకుంటే దానికి డబ్బు కూడా అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే "ఎన్‌రోల్" అని కనపడుతుంది. రెన్యూవల్‌కు డబ్బు తీసే ముందు అది నొక్కండి. మిగిలిన వెయ్యితో ఇంకొంచెం కలిపి ఒక బయటి హార్డ్‌డిస్క్ కొని, ఫొటోలు కాపీ చేసి, కేబుల్ పీకి బీరువాలో పెట్టండి.