పత్రిక ఆగిపోయాక మిగిలే నవ్వు

హాస్యపత్రికను అంచనా వేయడానికి దాని సంచికలు తిరగేస్తే చాలునని విమర్శకులు అనుకుంటారు. సంచికలు కావలసిందే. అయితే హాస్యం విషయంలో మరొక సాక్ష్యాన్ని కూడా పిలవాలి. ఆ పత్రికలో రాసి, బొమ్మలు గీసి, ప్రూఫులు దిద్ది బయటికి వెళ్ళినవాళ్ళు ఆ తర్వాత ఏమయ్యారన్నదే ఆ సాక్ష్యం. కథల పత్రిక మూతపడితే కథలు సంపుటాలై మిగులుతాయి. హాస్యపత్రికలో సగం సరుకు ఆ వారం వార్తకూ, ఆ వీధి మాటకూ, ఎవరో మాస్టారి నడకకూ ముడిపడి ఉంటుంది. ఆ సందర్భం ఎరిగిన మనుషులు చెదిరిపోతే కాగితం మీద అక్షరాలుంటాయి, నవ్వు ఉండదు. అందుచేత పూర్వ రచయితల బృందమే హాస్యపత్రికకు నిఘంటువు అని నా అభిప్రాయం. తెలుగునేలకు దూరంగా, పీణ్యలోనో జాలహళ్ళిలోనో ఉండి తెలుగు చదువుకుంటున్న మీకు ఈ విషయంతో పని ఉంది. ఎందుకో కొంచెం ఆగి చెబుతాను.

కళాశాల హాస్యపత్రిక అనగానే అందరూ ముందుగా చెప్పే పేరు హార్వర్డ్ లాంపూన్. అక్కడి విద్యార్థులు దాన్ని 1876లో ప్రారంభించారు. అందులో రాసిన హెన్రీ బియర్డ్, డగ్లస్ కెన్నీ, మిత్రుడు రాబర్ట్ హాఫ్‌మన్‌తో కలిసి 1970లో నేషనల్ లాంపూన్ అనే మాసపత్రిక పెట్టారు. 1978లో ఆ పత్రిక పేరు మీద యానిమల్ హౌస్ అనే సినిమా వచ్చింది. 1989లో మొదలైన సింప్సన్స్ అనే బొమ్మల ధారావాహికకు రాసినవాళ్ళలో ఎందరో ఈ కళాశాల పత్రిక నుంచి వచ్చినవాళ్ళే. నేషనల్ లాంపూన్ 1998లో ఆగినా ఆ వరుస ఆగలేదు. అంటే ఒక విద్యార్థి పత్రిక పూర్వసభ్యులు నూరేళ్ళు తిరిగేసరికి ఒక వృత్తిసంఘం అయ్యారు. దీనివల్ల కొత్త కుర్రవాడికి తలుపు తెరుచుకుంటుంది, నిజమే. కాని ఆ తలుపు లోపల నవ్వేదే నవ్వు అన్న ధీమా కూడా పెరుగుతుంది. ఒకే భోజనశాలలో తిన్నవాళ్ళు దేశానికంతకూ వంట చేయడం లాంటిది అది.

మన ఊరికి దగ్గరి ఉదాహరణ వేరుగా ఉంది. వైద్యుడు ఎం. శివరాం 'రాశి' అనే కలంపేరుతో 1942లో బెంగుళూరులో 'కొరవంజి' అనే కన్నడ హాస్యమాసపత్రికను ప్రారంభించారు. అది 1967 దాకా, పాతికేళ్ళు, నడిచింది. అది కళాశాల పత్రిక కాదు. అయితే దానికి ప్రాణం పోసినవాళ్ళలో ముఖ్యులు కళాశాల మనుషులు. మైసూరు మహారాజా కళాశాలలో పాఠాలు చెప్పిన నా. కస్తూరి దాని ప్రధాన రచయితల్లో ఒకరు. అదే కళాశాలలో చదువుకున్న ఆర్. కె. లక్ష్మణ్ బొంబాయిలో పేరు రాకముందు బొమ్మలు వేసినది ఈ పత్రికకే.

ఇక్కడ విమర్శకులు తగినంత గమనించని సంగతి ఒకటుంది. కస్తూరి పుట్టింది కేరళలో, ఇంటి భాష మలయాళం. లక్ష్మణ్ ఇంటి భాష తమిళం. వీళ్ళకు ముందే, ఇంగ్లీషు కలిసిన కన్నడాన్ని రంగస్థలం మీదికెక్కించి నవ్వించిన టి. పి. కైలాసం కూడా తమిళ కుటుంబంలో పుట్టినవాడే. కన్నడ హాస్యం పెద్ద మలుపు తిరిగినప్పుడు దాని పక్కన నిలబడ్డవాళ్ళలో ఇందరు ఆ భాషను ఇంటి బయట నేర్చుకున్నవాళ్ళు. భాషాశాస్త్రం చదివినవాడికి ఇందులో వింతేమీ లేదు. ఇంట్లో వచ్చిన భాషను మనం వాడుకుంటామేగాని దాన్ని చూడం. నేర్చుకున్న భాషలో ప్రతి మాటా మొదటి రోజుల్లో కొంత వింతగానే కనబడుతుంది. కస్తూరి మాటలకు కొంటె అర్థాలు చెబుతూ 'అనర్థకోశ' కూర్చారు. ఆ పేరు చూడండి. అర్థకోశానికి ఎదురుమాట, పైగా అనర్థం కూడా. తెలుగులోకి తేవాలంటే చివర సున్నా చేర్చడం తప్ప చేయవలసిన పని లేదు.

కొరవంజి అంటే సోది చెప్పే ఎరుకలసాని. మన యక్షగానాలు చదివినవారికి ఈ మాట కొత్త కాదు. రాశి సన్నిహితులూ, పాత పాఠకులూ కలిసి 1983లో మళ్ళీ పెట్టిన పత్రికకు 'అపరంజి' అని పేరు. మేలిమి బంగారానికి మనమూ అదే మాట అంటాం. రెండు పేర్లనూ తెలుగువాడు అనువాదం లేకుండా చదువుకోగలడు. అయినా మన తెలుగు శాఖల్లో ఈ పత్రికల ప్రస్తావన నేను దాదాపు వినలేదు. పొరుగింటి కావ్యం చదువుతాం, పొరుగింటి నవ్వు చదవం.

పదహారేళ్ళు మూతపడిన పత్రికను పూర్వబృందం తిరిగి లేపడం మామూలు సంగతి కాదు. లాంపూన్ వారికి వెనుక విశ్వవిద్యాలయమూ, ముందు సినిమా పరిశ్రమా ఉన్నాయి. కొరవంజి వారికున్నది జ్ఞాపకం. జ్ఞాపకంతో పత్రిక నడిపితే ఒక చిక్కు తప్పదు. మొదటి తరం తన కాలాన్ని చూసి నవ్వుతుంది, రెండో తరం మొదటి తరాన్ని తలచుకుని నవ్వుతుంది. నివాళి పెరిగినకొద్దీ వాడి తగ్గుతుంది. హాస్యపత్రికల రెండో జన్మను పరిశీలించే విద్యార్థి ముందుగా లెక్కపెట్టవలసినది ఇదే: ఒక సంచికలో గతం ఎన్ని పుటలు, వర్తమానం ఎన్ని పుటలు?

మరి తెలుగులో? నవ్వుకు కూటమి కావాలని పానుగంటి లక్ష్మీనరసింహారావుకు బాగా తెలుసు. 1913లో మొదలైన 'సాక్షి' వ్యాసాల కోసం ఆయన ఒక సంఘాన్నే కల్పించారు. ఇంగ్లీషు స్పెక్టేటర్ క్లబ్బు నమూనా ముందున్నా, జంఘాలశాస్త్రి ఉపన్యాసం మన గాలి పీల్చినదే. అయితే ఆ సంఘం కాగితం మీది సంఘం. నిజమైన మనుషుల కూటమి కావాలంటే ఇటీవలి కాలానికి రావాలి. వరప్రసాద్ రెడ్డి ప్రోత్సాహంతో 2001లో హైదరాబాదు నుంచి 'హాసం' పత్రిక వచ్చింది. హాస్యమూ సంగీతమూ దాని విషయాలు. పేరు పెట్టినవారికి అలంకారశాస్త్రం తెలుసు: హాసం స్థాయీభావం, హాస్యం రసం. 2004లో పత్రిక ఆగింది. కాని దాని పేర ఊళ్ళలో ఏర్పడ్డ హాసం క్లబ్బులు సభలు జరుపుకున్నాయి, హాసం ప్రచురణలు పుస్తకాలు తెచ్చాయి. ఇది మంచి ఉదాహరణే. అయితే క్లబ్బు అనగానే నవ్వు అచ్చు నుంచి వేదిక మీదికి వెళుతుంది. వేదిక మీద ఎక్కువగా చెల్లేది అందరికీ తెలిసిన జోకు. చదివి, ఒక్క క్షణం ఆగి నవ్వుకునే వాక్యానికి అక్కడ చోటు తక్కువ.

ఇప్పుడు పీణ్య సంగతి. 1975లో ఎగిరిన ఆర్యభట ఉపగ్రహాన్ని తయారుచేసింది ఇక్కడి రేకుల షెడ్లలోనే. లేతు యంత్రాల దగ్గరా, అచ్చుల షెడ్లలోనూ అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు ఎంతోమంది. వాళ్ళ పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, కాలేజీలో ఇంగ్లీషు మాట్లాడతారు. మా తరగతికి వచ్చే ఈ పిల్లల మధ్య తిరిగే ఛలోక్తులు కొన్ని నేను రాసిపెట్టుకున్నాను. తెల్లవారుజామున వీధిలో "హాలు, హాలు" అన్న కేక విని, ఎవరో హాలు అద్దెకిస్తున్నారని పరుగెత్తిన కొత్త కాపురంవాడు ఒకడు. షెడ్డులో తోటివాడు "ఊట ఆయ్తా?" అని అడిగితే, బోరులో నీళ్ళు పడ్డాయా అని అడుగుతున్నాడనుకుని "ఇంకా తవ్వుతున్నారు" అన్నవాడు మరొకడు. తాతల కాలం నాటిది ఒకటుంది: కొట్టువాడు పాత నోటు చూసి "బేడ" అంటే రెండణాలు తీసి ఇచ్చిన పెద్దాయన. కన్నడంలో బేడ అంటే వద్దు. మనకు బేడ అంటే రెండణాలని ఈనాటి పిల్లల్లో ఎందరికి తెలుసు? ఆ ఛలోక్తి చెప్పే కుర్రవాడు తనకు తెలియకుండానే ఒక పాత తెలుగు మాటను మోసుకొస్తున్నాడు.

ఇవి ఊరికే పుట్టిన పొరపాట్లు కావు. పాత పకారం కన్నడంలో హకారమైంది. పాలు హాలయింది, పులి హులి అయింది, పల్లి హళ్ళి అయింది. మెట్రో బండి దాసరహళ్ళి, జాలహళ్ళి దాటి పీణ్యకు వచ్చేలోగా ఈ సూత్రం రెండుసార్లు కనబడుతుంది. తరగతిలో నేను అరగంట చెప్పే ధ్వనిమార్పును ఆ హాలు ఛలోక్తి అరనిమిషంలో చెప్పేస్తుంది.

భరతుడు హాస్యాన్ని ఆత్మస్థం, పరస్థం అని విభజించాడు. ఆ మాటల్ని ఇక్కడ కొంచెం వంచి వాడుకుంటాను. ఈ ఛలోక్తుల్లో నవ్వులపాలయ్యేది మాట్లాడేవాడే, పొరుగువాడు కాదు. పొరుగుభాషను వెక్కిరించే జోకులూ తిరుగుతాయి, అవి చవకవి. వాటిలో భాష ఉండదు, కోపం మాత్రమే ఉంటుంది. ఈ రెంటికీ తేడా చెప్పవలసినవాళ్ళు అధ్యాపకులు. కాని మనం చేసేదేమిటి? విద్యార్థి వ్యాసంలో కన్నడ మాట దొర్లితే ఎర్రసిరాతో సున్న చుడతాం. కళాశాల వార్షిక సంచికలో చివర రెండు పుటలు 'నవ్వుల పువ్వులు' అని కేటాయించి, ఎక్కడివో పాత జోకులు వేస్తాం. పిల్లలు నిజంగా నవ్వుకునే మాట అచ్చుకెక్కదు. వాళ్ళు మూడేళ్ళకు వెళ్ళిపోతారు, ఆ మాటా వాళ్ళతోనే వెళ్ళిపోతుంది. తరువాతి జట్టు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. పూర్వవిద్యార్థుల సమావేశాల్లో సన్మానాలు జరుగుతాయి, గ్రూపు ఫొటోలు తీస్తారు. ఆ రోజుల్లో దేనికి నవ్వేవారని ఎవరూ అడగరు.

కస్తూరి మలయాళం ఇంటి నుంచి వచ్చి కన్నడంలో అనర్థకోశం రాస్తే, ఆ కన్నడం అశుద్ధమని ఆ పత్రిక పక్కన పెట్టలేదు. పీణ్య నుంచి వచ్చే తెలుగు పిల్లవాడు అలాంటి కోశం మొదలుపెడితే హాలు, ఊట, బేడ అనే మూడు ఆరోపాలు ఇప్పటికే సిద్ధంగా ఉన్నాయి. వాటి పక్కన చెప్పినవారి ఊరు, విన్న సంవత్సరం కూడా రాసుకోవాలి. మిగతావి మా తరగతి పిల్లలు ప్రతి సోమవారం తెస్తూనే ఉన్నారు.