ఆయేషా ఋణము: ‘దుర్గేశనందిని’పై పాఠకుల తీర్పులు

మన నవలావిమర్శలో రచయితకును రచనకును లభించిన స్థానము పాఠకునకు లభింపలేదు. పాఠకుడు చెప్పునది అభిరుచియే కాని విమర్శ కాదని త్రోసిపుచ్చుట పరిపాటి యైనది. ముఖ్యముగా కథాంతమును గూర్చి అతడు చేయు ఆక్షేపణమును విమర్శకులు చిరునవ్వుతో విని యూరకుందురు. “నాయకుడు ఆమెను ఏల పెండ్లాడలేదు?” అను ప్రశ్న వారికి బాలిశముగా తోచును. ఒక చారిత్రక నవల విషయమున ఈ ప్రశ్ననే నూటయేబది సంవత్సరములకు పైగా పాఠకులు అడుగుచున్నారు. అది బాలిశము కాదనియు, అట్లు అడుగుటకు హేతువు ఆ నవలయందే యున్నదనియు చూపుట ఈ వ్యాసోద్దేశము.

ఆ నవల బంకించంద్ర చటర్జీ 1865లో ప్రకటించిన ‘దుర్గేశనందిని’. వంగభాషలో ఆయన రచించిన తొలి నవల యిదియే. దీనిని తెనుగు చేసినవారిలో ‘ఆంధ్ర కవి తరంగిణి’ కర్త చాగంటి శేషయ్యగారు ఒకరు. 1906లో హైదరాబాదున వెలసిన విజ్ఞానచంద్రికా మండలి చారిత్రక నవలపై తెలుగువారికి మక్కువ కలిగించిన పిమ్మట, వంగానువాదములు మన గ్రంథాలయములలో విరివిగా చోటు చేసికొన్నవి.

కథ సుప్రసిద్ధమే యైనను వాదమునకు వలసినంత చెప్పుదును. అక్బరు సేనాని మానసింహుని కుమారుడు జగత్సింహుడు తుఫానురాత్రి శైలేశ్వరాలయమున గఢ మాందారణ దుర్గాధిపతి వీరేంద్రసింహుని కూతురు తిలోత్తమను చూచి అనురక్తు డగును. ఆమెను కలిసికొనుటకై అతడు దుర్గమునకు వచ్చిన రాత్రియే పఠాను సేనాని ఉస్మాను ఆ దుర్గమును పట్టుకొనును. తీవ్రముగా గాయపడిన జగత్సింహుడు కతలూఖానునకు బందీ యగును. అచట నవాబు కుమార్తె ఆయేషా అతని శయ్యచెంత కూర్చుండి పరిచర్య చేసి బ్రదికించును. ఉస్మాను ఆయేషాను ప్రేమించినవాడు. ఆయేషా మనసు బందీపై నిలుచును. ఉస్మాను ఎదుటనే ఆమె ఆ సంగతిని నిర్భయముగా వెల్లడించును. తుదకు జగత్సింహుడు తిలోత్తమనే వివాహమాడును. ఆయేషా ఆ వివాహమునకు వచ్చి, వధువునకు ఆభరణము లిచ్చి, తిరిగిపోయి, విషము పొదిగిన ఉంగరమును చేతబట్టి కొంతసేపు ఆలోచించి, దానిని కందకపు నీటిలో పారవైచును.

ఇక తీర్పులు. అచ్చు కాకముందు బంకించంద్రుడు ఈ నవలను కొందరు పండితులకు చదివి వినిపింపగా, కథలో లీనమై తాము వ్యాకరణదోషములను గమనింపలేదని వారు పలికినట్లు చెప్పుదురు. అచ్చయిన పిమ్మట చర్చ మరియొక దారి పట్టెను. 1819లో వెలువడిన సర్ వాల్టర్ స్కాటు నవల ‘ఐవన్‌హో’కు ఇది అనుకరణమని పలువు రనిరి. దుర్గేశనందిని వ్రాయుటకు పూర్వము తాను ఐవన్‌హోను చదువలేదని బంకించంద్రుడు సమాధాన మిచ్చెను. ఈ అనుకరణవాదము మనకు ముఖ్యము కాదు. రెండు గ్రంథముల పాఠకులును ఒకేచోట నొచ్చుకొనుట ముఖ్యము. ఐవన్‌హోలో గాయపడిన వీరునకు చికిత్స చేయునది యూదు కన్య రెబెకా. అతడు పెండ్లాడునది సాక్సను కులజ రొవీనా. రెబెకాకు అన్యాయము జరిగినదని పాఠకులు మొరపెట్టుకొనగా, స్కాటు 1830లో వ్రాసిన పీఠికలో, ఆ కాలపు మతద్వేషములు అట్టి వివాహమును అసంభవ మొనర్చినవనియు, శీలమునకు లౌకిక సౌఖ్యమును ప్రతిఫలముగా ఇచ్చుట తగదనియు సమర్థించుకొనెను. పాఠకులు శాంతింపలేదు. 1850లో థాకరే ‘రెబెకా అండ్ రొవీనా’ అను పరిహాసకృతి వ్రాసి, ఐవన్‌హోకు రెబెకానిచ్చి పెండ్లి చేసెను. అయితే అందు రెబెకా క్రైస్తవమతమును స్వీకరింపవలసివచ్చెను.

వంగదేశమునను ఇట్టిదే జరిగినది. దామోదర ముఖోపాధ్యాయుడు దుర్గేశనందినికి ఉత్తరకథగా ‘నవాబునందిని’ రచించెను. కపాలకుండలకు ఉత్తరకథగా ‘మృణ్మయి’ని కూర్చినవాడును ఈయనయే. నవాబునందినిని సైతము శేషయ్యగారే తెలుగులోనికి తెచ్చిరి. అనగా ఆయేషాపై సానుభూతి తెలుగు పాఠకులకును కలదన్న మాట. 1915లో ఇస్మాయిల్ హుస్సేన్ సిరాజీ ‘రాయనందిని’ని ప్రకటించెను. అందు కేదారరాయని కుమార్తె స్వర్ణమయి ఈసాఖానును ప్రేమించును. బంకించంద్రునకు ఇది సూటియైన ప్రత్యుత్తరము.

ఈ మూడు పేళ్లను పరిశోధక విద్యార్థులు సావధానముగా గమనింపవలెను. దుర్గేశనందిని యనగా దుర్గాధిపతి కూతురు, తిలోత్తమ. బంకించంద్రుడు గ్రంథమునకు పెట్టినది ఆమె పేరు. పాఠకులు మనసున నిలుపుకొన్నది మాత్రము నవాబు కూతురిని. దామోదరుడు శీర్షికనే మార్చి ఆ లోపమును దిద్దెను. సిరాజీ మరల శీర్షికను మార్చి, ప్రేమించి నష్టపోవలసినది ఎల్లవేళల మా యింటి ఆడుబిడ్డయేనా యని అడిగెను. ఈ మూడు శీర్షికలును మూడు పాఠకాభిప్రాయములు. ఉత్తరకథ యనునది గ్రంథరూపము దాల్చిన పాఠకుని ఆక్షేపణమే.

చరిత్ర ఈ విషయమున ఏమి చెప్పుచున్నది? 1590లో పఠానుల చేతిలో ఓడిన జగత్సింహుని విష్ణుపుర ప్రభువు వీర హంబీరుడు తప్పించి తన పురమునకు కొనిపోయినట్లు అక్బరునామా వలన తెలియుచున్నది. పిదప కొలదిదినములకే కతలూఖాను మరణింపగా సంధి కుదిరినది. ఆ వృత్తాంతమున ఆయేషా లేదు, పరిచారికయు లేదు. వీరుని రక్షించిన ఘనతను ఒక జమీందారు నుండి తీసి ఒక స్త్రీకి ఇచ్చినది నవలాకారుడు. కావున జగత్సింహునిపై ఉన్న ఋణము చరిత్ర మోపినది కాదు. రచయిత స్వయముగా కల్పించినది. ఋణమును కల్పించినవానిని దాని చెల్లింపు మాట అడుగుటకు పాఠకునకు అధికార మున్నది.

మతభేదముచే వివాహము అసాధ్యమను స్కాటు సమాధానము ఇచట పూర్తిగా చెల్లదు. జగత్సింహుని వంశమున మతాంతర వివాహములు వింత కాదు. మానసింహుని మేనత్త అక్బరు పత్ని. అతని సోదరి 1585లో సలీమును వివాహమాడినది. జగత్సింహుని కూతురే 1608లో జహంగీరు అంతఃపురమున ప్రవేశించినది. కాని ఇవి యన్నియు ఒకే దిశగా సాగినవి: రాజపుత్ర కన్య మొగలు గృహమునకు పోవును; ముసల్మాను కన్య రాజపుత్ర గృహమునకు వచ్చుట కానరాదు. బంకించంద్రుడు ఆయేషాచే ఎదురుదిశగా ప్రేమింపజేసి, పెండ్లి ఘట్టము వచ్చునప్పటికి ఆ దారిని మూసివైచెను. సిరాజీ కోపమునకు మూలము ఇచటనే యున్నది.

ఇంతవరకు గ్రంథస్థములైన తీర్పులు. ఇటీవల నేను మా విద్యార్థులతో కూడ, నిజామాబాదు పట్టణమునందును బోధను పరిసర గ్రామములందును ఈ నవలను కొందరిచే చదివించి, కొందరికి చదివి వినిపించి, వారి అభిప్రాయములను వింటిని. ఇది గణాంక సేకరణము కాదు. ఆలోచనకు ఆధారము మాత్రమే. తెలుగు, ఉర్దూ, మరాఠీ భాషలు కలసి వినబడు ఈ సీమలో ఇట్టి కథకు ఒకేవిధమైన శ్రోతలు దొరకరు. వారి మాటలలో మూడింటిని మాత్రము వారి పలుకుబడిలోనే ఉదాహరించెదను.

బోధనులో ఉర్దూ మాధ్యమమున చదివి, పిదప తెలుగు నేర్చుకొన్న యొక పట్టభద్రుడు ఇట్లనెను: “ఆయేషాను మంచిగనే రాసిండు సార్, తప్పు పట్టలేం. గని గంత మంచిగ రాసిందే ఆఖరికి ఇడిసిపెట్టెటందుకా?” సిరాజీ పేరైనను వినని యీ యువకుడు సిరాజీ ప్రశ్ననే అడిగెను. నవలలో పరమతస్త్రీని దేవతను చేయుట గౌరవముగా కనబడును; కాని త్యాగము ఆమె వంతుగను, సంసారము మరియొకతె వంతుగను పంచిపెట్టబడినవి. ఆ పంపకమును అతడు పసిగట్టెను.

1937లో చక్కెర కర్మాగారము నెలకొని, 2015లో మూతపడిన శక్కర్‌నగరు చేరువ గ్రామమున చెరకు పండించిన యొక వృద్ధుడు కథ విని ఇట్లనెను: “పైకం ఎన్కసీర్ల సంగతి. బండి తూకమైనంక చీటి అన్న ఇయ్యాలె గద!” సభలో నవ్వులు పుట్టినవి గాని, ఈ మాట నాకు గ్రంథమును మరల తెరపించినది. ఆయేషా జగత్సింహునకు ఒక లేఖ వ్రాయును. తనకు ఏ ప్రత్యాశయు లేదని అందు తెలుపును. జగత్సింహుడు ఆమెను రత్నమని కొనియాడును గాని, ఆ లేఖకు తగిన ప్రత్యుత్తరము ఇప్పుడు వ్రాయజాలనని వాయిదా వేయును. కృతజ్ఞత అతనికి లేకపోలేదు; కాని ఆ ఋణము ఎట్టిదో పేరు పెట్టి ఒప్పుకొను ఒక్క వాక్యము అతని కలమునుండి వెలువడలేదు. వృద్ధుడు ‘చీటి’ యన్నది ఆ వాక్యమునే.

మూడవ అభిప్రాయము మిగిలిన రెండింటిని మించినది. ఆసుపత్రిలో చిరకాలము నర్సుగా పనిచేసిన యొకామె నవల పూర్తిగా చదివి వచ్చి, “ఆమె సేవ చేసింది గాబట్టి ప్రేమించింది అన్నట్టు రాసిండు. మేం దినాం సేవ చేస్తం. అందర్ని ప్రేమిస్తమా సార్? కట్టు కట్టిన చేతికి పెండ్లే కూలా?” అని ప్రశ్నించెను. డిచ్‌పల్లిలో గత శతాబ్ది తొలి దశాబ్దములలో ఇసబెల్ కెర్ అను వైద్యురాలి చొరవతో కుష్ఠురోగుల చికిత్సాలయము వెలసిన జిల్లా యిది. ఇతరులు తాకుటకు జంకిన దేహములకు కట్లు కట్టుట ఇచట ఒక వృత్తిగా వేళ్లూనినది. ఆ వృత్తిలో నున్న పాఠకురాలు పరిచర్యను ప్రేమకు పీఠికగా చదువుట కంగీకరింపలేదు. వివాహము కావలెనను పాఠకుల కోరికయందును, వివాహము కూడదను రచయితల సమర్థనయందును ఒకే భ్రమ దాగియున్నదని ఆమె చూపెను. ఉభయులును సేవకు మూల్యము వివాహమే యని భావించిరి. ఒకరు ఇమ్మనిరి, మరియొకరు ఇయ్యజాల మనిరి.

ఈ నవలలోనే ఆమె మాటకు ఆధారము కలదు. శత్రురాజకుమారుని బ్రదికించుట సంధికి ఉపకరించునని ఉస్మాను తన దయకు రాజనీతి ముసుగు వేయును. ఆయేషా ఆ ముసుగును గుర్తించును. తన పరిచర్యకు మాత్రము ఆమె ఏ ముసుగును వేయదు. తొలుత ఆమె కూర్చున్నది ప్రియుని చెంత కాదు, గాయపడిన మనిషి చెంత. ప్రేమ తరువాత వచ్చినది. ఆ ప్రేమ భగ్నమైనను, ముందు చేసిన పనికి విలువ తరుగదు. బంకించంద్రుడు ఈ భేదమును ఒకటి రెండు చోట్ల స్పృశించి, పిదప రొమాన్సు వేగమున విస్మరించెను.

కావున నా నిర్ణయ మిది. దుర్గేశనందిని ముగింపు దుష్టము కాదు. పాఠకుల ఆక్షేపణమును అజ్ఞానము కాదు. వ్యాధి యున్నదని చెప్పుటలో రోగి పొరపడడు. ఔషధము నిర్ణయించుటలో పొరపడవచ్చును. ఆయేషాకు అన్యాయము జరిగినదనుట సరియైన గుర్తింపు; వివాహముచే అది తీరుననుట సరికాని చికిత్స. థాకరే ఆ చికిత్స చేయబోయి రెబెకాచే మతమును విడిపించెను. సిరాజీ అవమానమునకు బదులు తీర్చెను గాని, ఒక వర్గపు కన్యకు మారుగా మరియొక వర్గపు కన్యను నిలిపెను; స్త్రీ నాణెముగనే మిగిలెను. బంకించంద్రుడు మాత్రము చివరి పుటలో తెలిసియో తెలియకయో పాఠకుల పక్షము వహించెను. దంపతుల సౌఖ్యముతో గ్రంథమును ముగింపక, ఒంటరిగా కందకము చెంత ఆయేషాను చూపెను. ఉంగరమును నీట పారవైచి ఆమె మరణమును నిరాకరించినది. మూల్యమును ఆమె అడుగనే లేదు. శీర్షిక తిలోత్తమదే యైనను చివరి పుట ఆయేషాది. దామోదరుని శీర్షిక ఆ పుటనుండియే పుట్టినది.

చారిత్రక నవలలపై పరిశోధన సాగించువారు ఇతివృత్తము, పాత్రపోషణము, చారిత్రకత యను శీర్షికలతో తృప్తిపడుచున్నారు. ఉత్తరకథలు, ప్రత్యుత్తర నవలలు, అనువాదకుల ఎన్నికలు, గ్రామ గ్రంథాలయములలో చిరిగినంతవరకు చదువబడిన ప్రతులు, చదివినవారి నోటిమాటలు – ఇవియు విమర్శకు ఆకరములే. వీనిని సేకరించునపుడు పాఠకుడు కోరిన ముగింపును మాత్రమే వ్రాసికొనక, ఏ పుట చెంత అతని మనసు నొచ్చినదో అడిగి తెలిసికొనవలెను. రచయిత సమాధానము చెప్పక దాటిపోయిన ప్రశ్న సాధారణముగా ఆ పుటలోనే యుండును.