తొమ్మిదవ నాయిక

శృంగారరసాన్ని సంభోగమనీ, విప్రలంభమనీ రెండుగా విభజించిన మన ఆలంకారికులు రెండవదానికే పెద్దపీట వేశారు. వియోగం లేనిదే సంయోగానికి పుష్టి కలగదని వారి సిద్ధాంతం. కషాయంలో ముంచిన వస్త్రానికే రంగు చక్కగా పట్టినట్లు, ఎడబాటును చవిచూసిన ప్రేమే నిలుస్తుందని వారు భావించారు. సిద్ధాంతం అందమైనదే. కాని అందులో ఒక ప్రశ్నకు చోటు లేదు. వియోగం తరువాత సంయోగం రాకపోతే ఏమిటి? వెళ్ళినవాడు మనసు మార్చుకొనే వెళ్ళి ఉంటే, వెనుక మిగిలిన మనిషి ఎలా నిలదొక్కుకోవాలి? ఈ ప్రశ్నకు మన కావ్యాలు, నాటకాలు ఏమి సమాధానం చెప్పాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన అష్టవిధ నాయికలు నాట్యం నేర్చే ప్రతి విద్యార్థికీ పరిచితులే. వాసకసజ్జిక, విరహోత్కంఠిత, స్వాధీనపతిక, కలహాంతరిత, ఖండిత, విప్రలబ్ధ, ప్రోషితభర్తృక, అభిసారిక. ఈ ఎనిమిదింటిలో అయిదు ప్రియుడు దూరమైన స్థితులే కావడం గమనింపదగినది. రావలసినవాడు ఆలస్యం చేసినప్పుడు ఆమె విరహోత్కంఠిత. సంకేతస్థలానికి రానేరానప్పుడు విప్రలబ్ధ. పరస్త్రీ చిహ్నాలతో తెల్లవారి వచ్చినప్పుడు ఖండిత. కోపంతో తానే వెళ్ళగొట్టి తరువాత పరితపించినప్పుడు కలహాంతరిత. అతడు పనిమీద దేశాంతరం పోయినప్పుడు ప్రోషితభర్తృక.

ఈ విభజనను కేవలం పండితుల లెక్కగా కొట్టివేయడానికి వీలులేదు. ఇందులో లోకజ్ఞత ఉంది. దూరం ఒక్కటే అయినా, దూరమైన కారణాన్ని బట్టి దుఃఖం మారుతుంది, ప్రతిస్పందన మారాలి. ఆలస్యానికి ఓర్పు చాలు. వంచనకు ఓర్పు చాలదు, అక్కడ కోపం న్యాయం. తన తొందరపాటే కారణమైతే కబురు పంపడంలో చిన్నతనం లేదు. మరొక విశేషం, వీటిని శాస్త్రం అవస్థలుగా చెప్పింది. ఇవి స్వభావాలు కావు, జాతులు కావు. ఈ రాత్రి ఖండిత అయిన స్త్రీయే మరునాడు కలహాంతరిత కావచ్చు, మరికొన్నాళ్ళకు స్వాధీనపతికా కావచ్చు. విడువబడడం ఆమె ఉన్న స్థితిని చెబుతుందే గాని ఆమె ఎవరో చెప్పదన్న ఎరుక ఈ వర్గీకరణలోనే ఇమిడి ఉంది.

ఈ అవస్థలన్నిటిలో నాయిక పక్కన తప్పక ఉండే వ్యక్తి సఖి. పదాల్లో, జావళీల్లో, జయదేవుని గీతగోవిందంలో నాయిక మాట సఖితోనే సాగుతుంది. సఖి వింటుంది, హాస్యమాడుతుంది, మందలిస్తుంది, రాయబారం నడుపుతుంది. అతడు చెప్పిన అబద్ధాన్ని అబద్ధమని ముఖంమీదనే చెబుతుంది. దుఃఖాన్ని గదిలో తలుపు వేసుకొని అనుభవించవలసినదిగా మన కవులు భావించలేదు. అది ఇంకొకరి ముందు ఉచ్చరింపబడవలసినది. క్షేత్రయ్య పదాలలోని నాయికలు ఒక్కొక్కప్పుడు ఎంత కఠినంగా, ఎంత వ్యంగ్యంగా మాట్లాడినా పాత్రల గౌరవం చెడకపోవడానికి కారణం ఆ మాటలు వినే చెవి ఒకటి ఎదుట ఉండడమే.

తెలుగువారు ఈ సంప్రదాయానికి చేర్చిన ప్రత్యేకత సత్యభామ. నంది తిమ్మన పారిజాతాపహరణంలో నారదుడు తెచ్చిన పువ్వును కృష్ణుడు రుక్మిణికి ఇచ్చాడన్న వార్త చెలికత్తె నోట విని ఆమె అలకపాన్పు చేరుతుంది. పువ్వు అల్పమే. ఆమె చూసినది పువ్వును కాదు, కృష్ణుని మనసులో తన స్థానాన్ని. అలక కోసం వేరే గృహమే ఉండడంలో ఒక నాగరికత ఉంది. కోపానికి చోటు ఉన్న ఇంటిలో కోపం విషంగా మారదు. కాళ్ళమీద పడిన కృష్ణుని ఆమె ఎడమకాలితో తన్నడాన్ని ఆనాటి రాజసభ రసవంతంగానే స్వీకరించింది. సిద్ధేంద్రయోగి భామాకలాపంలో అదే సత్యభామ మాధవి చేతికి లేఖ ఇచ్చి పంపుతుంది. మాధవి ముందు ఆమె దర్పం, బేలతనం, అలుక, ప్రాధేయపాటు ఒకదాని వెంట ఒకటి బయటపడతాయి. అతిశయించిన గర్వం మెల్లగా కరగి, తన ప్రేమ ఎంతటిదో తనకే తెలియడం ఆ కలాపం నడక.

ముద్దుపళని రాధికాసాంత్వనం ఇంకొక అడుగు ముందుకు వేసింది. తంజావూరును 1739 నుంచి 1763 వరకు పాలించిన ప్రతాపసింహుని ఆస్థానపు కవయిత్రి ఆమె. తాను పెంచిన ఇళను రాధ తానే కృష్ణునికిచ్చి పెళ్ళి చేస్తుంది. తరువాత అతడు ఇళతోనే ఉండిపోవడం చూసి తల్లడిల్లుతుంది. ఇక్కడ నిందించడానికి పూర్తిగా దోషి అయినవారు లేరు. తాను అంగీకరించినదే తనను దహిస్తున్నది. సమ్మతించిన మనిషికి దుఃఖించే హక్కు లేదనడం లోకరీతి. ఉన్నదని ముద్దుపళని చెప్పింది. ఈ కావ్యాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి వావిళ్ళవారి ద్వారా ప్రకటింపజేయగా, 1911లో అశ్లీలమన్న అభియోగంతో ప్రభుత్వం ప్రతులను స్వాధీనం చేసుకొన్నది. నిషేధం 1947లో గాని తొలగలేదు. పురుషకవులు నాయిక నోట పలికించిన శృంగారం శతాబ్దాలుగా చెల్లుబడి అయింది. ఒక స్త్రీ స్వయంగా పలికినప్పుడే అది పెద్దల చెవులకు కటువైంది.

అయితే పైన చెప్పిన వారందరికీ ఒక భాగ్యం ఉంది. చివరికి కృష్ణుడు వస్తాడు, కాళ్ళు పట్టుకొంటాడు. పారిజాతవృక్షమే పెరటిలోకి వస్తుంది. ఎనిమిది అవస్థలూ నాయకుడు తిరిగివస్తాడన్న నమ్మకంమీద నిర్మితమైనవే. రాకపోతే శాస్త్రం చూపిన మార్గం వేరొకటి ఉంది. అభిలాషతో మొదలై చింత, స్మృతి, గుణకీర్తన, ఉద్వేగం, విలాపం, ఉన్మాదం, వ్యాధి, జడత్వాల మీదుగా సాగే పది కామావస్థలలో చివరిది మరణం. అంటే శాస్త్రం దృష్టిలో విరహానికి ముగింపులు రెండే, పునస్సమాగమం లేదా ప్రాణత్యాగం. తిరిగి కలవకా, చనిపోకా, బతికి ఉన్న మనిషికి అక్కడ పేరు లేదు. ఆమెను తొమ్మిదవ నాయిక అనవచ్చు. శాస్త్రం పేరు పెట్టకపోయినా కవులు ఆమెను చూశారు.

తమిళ మహాకావ్యం శిలప్పదికారంలో ఇళంగో అడిగళ్ ఇద్దరు స్త్రీలను సృష్టించాడు. ఇద్దరినీ విడిచినవాడు కోవలనుడే. అతడు మాధవి ఇంట ఉండిపోయిన కాలంలో, ఫలానా గుండాలలో స్నానంచేసి మన్మథుని కొలిస్తే భర్త తిరిగివస్తాడని కణ్ణగికి చెలి దేవంది హితవు చెబుతుంది. అది తనకు తగదని కణ్ణగి ఒక్క ముక్కలో తోసిపుచ్చుతుంది. భర్త కావాలి, కాని అతడిని రప్పించుకోవడానికి తనను తాను తక్కువ చేసుకోదు. ఇక మాధవి సంగతి. సముద్రతీరంలో పాడిన పాటలను అపార్థం చేసుకొని కోవలనుడు ఆమెను వదిలిపోతాడు. ఆమె వసంతమాల చేత పంపిన లేఖను అందుకోడు. ఆమె ప్రేమంతా నాట్యగత్తె వేసే వేషాలని ఎత్తిపొడుస్తాడు. రెండవ లేఖ దారిలో అతనిని చేరుతుంది. ఆమె నిర్దోషి అని అతడు గ్రహిస్తాడు. అయినా వెనుదిరగడు. మదురలో అతని మరణం తరువాత మాధవి కళావృత్తిని త్యజించి బౌద్ధాన్ని ఆశ్రయిస్తుంది, కూతురు మణిమేఖలను ఆ వృత్తిలోకి పోనివ్వదు. సత్యభామ లేఖకు సమాధానం వచ్చింది. మాధవి లేఖకు రాలేదు. రాని సమాధానానికి ఆమె తన తక్కిన జీవితంతో బదులు చెప్పుకొంది.

భాగవతంలోని గోపికలది మరొక తీరు. మధురకు వెళ్ళిన కృష్ణుడు బృందావనానికి తిరిగిరాలేదు. బదులుగా ఉద్ధవుని పంపాడు. ఉద్ధవుడు తెచ్చినది జ్ఞానబోధ. విడిచిపోయినవారి పక్షాన వచ్చే పెద్దమనుషులు ఏ కాలంలోనైనా తెచ్చేది అదే. పోతన తెలుగులోను, సూరదాసు వ్రజభాషలోను ఈ ఘట్టాన్ని పండించారు. గోపికలు ఉద్ధవుని తిట్టరు. ఒక తుమ్మెదను అడ్డం పెట్టుకొని అనవలసినవన్నీ అంటారు. ఓదార్పు పేరుతో వచ్చిన తత్త్వాన్ని హాస్యంతో, ఎత్తిపొడుపుతో తిప్పికొడతారు. చివరికి బోధించవచ్చిన ఉద్ధవుడే వారి పాదధూళికి నమస్కరిస్తాడు. దుఃఖాన్ని మాయ అని కొట్టివేసే ఉపదేశంకంటె, దుఃఖాన్ని ఎరిగి మోసే మనసు గొప్పదని ఆ ఘట్టం తీర్పు.

నన్నయ ఆదిపర్వంలోని శకుంతల కూడ ఈ కోవలోనిదే. కాళిదాసు శాపాన్నీ ఉంగరాన్నీ కల్పించి దుష్యంతుని దోషాన్ని తేలిక చేశాడు. భారతకథలో మరుపు లేదు. రాజు ఎరిగి ఎరిగి కాదంటాడు. శకుంతల అతని ప్రేమను అడగదు, సత్యాన్ని అడుగుతుంది. సత్యమహిమను మెట్టుమెట్టుగా ఎత్తిచూపుతూ నిండు సభలో ఆమె మాట్లాడిన తీరు తెలుగు విద్యార్థులకు తరతరాలుగా పాఠం. వ్యాసభారతంలోని శకుంతల నీవు లేకపోయినా నా కొడుకు ఈ భూమిని ఏలగలడని తేల్చిచెబుతుంది. తరువాత ఆకాశవాణి పలికి కథ సుఖాంతమైనమాట నిజమే. కాని ఆ మాట అన్న క్షణాన ఆమెకు ఆకాశవాణి సంగతి తెలియదు.

ఇంతవరకు స్త్రీల మాటే చెప్పుకొన్నాం. పురుషుడు విడువబడితే? దశరూపకం నాయకుని అనుకూలుడు, దక్షిణుడు, శఠుడు, ధృష్టుడు అని విభజించింది. ఈ నాలుగూ అతడు స్త్రీపట్ల నడచుకొనే పద్ధతులు. ఆమె అతనిని విడిచిపోతే అతని అవస్థకు పేరు లేదు, అతని గోడు వినే సఖి లేదు. అందుకే మన పురుషుడు తన వియోగాన్ని చెప్పుకోవలసివచ్చినప్పుడు స్త్రీ గొంతు తెచ్చుకొన్నాడు. అన్నమయ్య, క్షేత్రయ్య నాయికలుగా మాట్లాడారు. కూచిపూడిలో తరతరాల పురుషులు సత్యభామ వేషం కట్టారు. వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) భామవేషంలో జడ చేతపట్టి నిలిచినప్పుడు ప్రేక్షకులు చూసినది ఒక పురుషదేహం నేర్చుకొన్న బేలతనాన్ని.

వేషం లేని పురుషుడు ఏమయ్యాడో 1953 నాటి దేవదాసు చిత్రం చూపింది. దాని దర్శకుడు వేదాంతం రాఘవయ్య కూచిపూడి నాట్యకుటుంబంనుంచి వచ్చినవాడు కావడం ఇక్కడ స్మరణీయం. మూలమైన శరత్ నవల 1917లో వెలువడింది. అందులో మొదట వెనుకంజ వేసినది దేవదాసే. ప్రేమలేదని ఉత్తరం రాసినదీ అతడే. తరువాత అతడు మద్యానికీ మరణానికీ లొంగిపోతాడు. పార్వతి ఎదిగిన పిల్లలున్న జమీందారు ఇల్లాలై, ఆ పిల్లల అభిమానం గెలుచుకొని, సంసారం చక్కదిద్దుతుంది. ప్రేక్షకలోకం కన్నీరంతా దేవదాసుకే ధారపోసింది. తొమ్మిదవ నాయిక పార్వతి తెరమీదనే ఉన్నా ఆమె బలాన్ని బలంగా గుర్తించినవారు తక్కువ. ఆ తరువాతి కాలంలో మన సినిమాలు పలుసార్లు కాదన్న అమ్మాయిని వెంటాడడమే ప్రేమ అని చూపాయి. తనను తాను చంపుకొనే నాయకుడూ, కాదన్న స్త్రీని వేధించే నాయకుడూ ఒకే లోపానికి రెండు రూపాలు. నిరాకరణను విని బతకడం ఇద్దరికీ ఎవరూ నేర్పలేదు.

నిజానికి ఆ పాఠం మన అతి ప్రాచీన వాఙ్మయంలోనే ఉంది. ఋగ్వేదం పదవ మండలంలోని 95వ సూక్తం పురూరవుడు, ఊర్వశుల సంవాదం. ఊర్వశి వెళ్ళిపోతున్నది. పురూరవుడు బతిమాలుతాడు, జ్ఞాపకాలు చెబుతాడు, చివరికి తోడేళ్ళకు ఆహారమైపోతానని బెదిరిస్తాడు. ఆమె తిరిగిరాదు. కాని చావవద్దని మాత్రం స్పష్టంగా చెబుతుంది. తరువాత కాళిదాసు విక్రమోర్వశీయంలో వారిని కలిపాడు. సూక్తం కలపలేదు. విడిచిపోయే మనిషి విడువబడిన మనిషికి ఇవ్వగలిగినదీ, ఇవ్వవలసినదీ ఆ ఒక్క మాటే కావచ్చు.

అష్టవిధ నాయికల పాఠం నాట్యశాలలలోను విశ్వవిద్యాలయాలలోను ఈనాటికీ చెబుతున్నారు. ఆ పట్టికను మార్చనక్కరలేదు. దాని పక్కనే మాధవిని, గోపికలను, పార్వతిని నిలిపి చెబితే చాలు. వారి వెనుక పురూరవునికీ చోటివ్వాలి. వినేవారిలో ఈ అవస్థలో ఉన్నవారు, ఆడవారైనా మగవారైనా, ఎప్పుడూ కొందరు ఉంటారు. పునస్సమాగమానికీ మరణానికీ నడుమ బతుకు అనే మూడవది ఉన్నదని వారికి మన సాహిత్యమే చెప్పగలదు.