కుత్బుల్లాపూర్ యార్డులో పోసిన మెట్రో

హైదరాబాద్ మెట్రో ఎవరి ఘనత? కాంగ్రెస్, బీఆర్ఎస్, బీజేపీ నాయకుల మధ్య ఈ వాదన ఇంకా తెగలేదు. మొదలుపెట్టింది మేమని ఒకరు, పూర్తిచేసింది మేమని ఇంకొకరు, కేంద్రం డబ్బు లేనిదే కదిలేది కాదని మరొకరు. ఈ వాదనలో కుత్బుల్లాపూర్ పేరు ఎవరి నోటా రాదు. మొదటి దశలో కట్టిన 69 కిలోమీటర్ల దారికి కాంక్రీట్ సెగ్మెంట్లు పోయడానికి ఎల్ అండ్ టీ ఏర్పాటుచేసిన యార్డుల్లో ఒకటి ఉప్పల్‌లో ఉంటే, రెండోది కుత్బుల్లాపూర్‌లోనే ఉండేది. ఆ యార్డు పనితనాన్ని దగ్గరగా చూసినవాళ్లకి, ప్రభుత్వాలు పెద్ద పనులు ఎలా చెయ్యాలో కూడా అందులోనే కనబడుతుంది.

మెట్రో దారి కింద నిలబడి తలెత్తి చూడండి. రెండు పిల్లర్ల మధ్య అడ్డంగా, కొద్ది దూరానికొకటి చొప్పున సన్నటి గీతలు కనబడతాయి. అవి పగుళ్లు కావు, ఒక్కో సెగ్మెంటూ పక్కదానితో కలిసిన అతుకులు. అమీర్‌పేట, పంజాగుట్ట లాంటి చోట్ల రోడ్డు మీదే సెంట్రింగ్ కట్టి, కాంక్రీట్ పోసి, అది గట్టిపడేదాకా ఆగాలంటే నెలల తరబడి ఊరు స్తంభించిపోతుంది. అందుకే మట్టీ మషీన్లూ ఊరిబయట పెట్టుకుని, తయారైన ముక్కల్ని రాత్రిపూట ట్రెయిలర్ల మీద తెచ్చి బిగించే పద్ధతి ఎంచుకున్నారు. జీడిమెట్ల, బాలానగర్ కార్ఖానాల పక్కన ఉన్న కుత్బుల్లాపూర్‌కి ఈ తరహా పని కొత్తేమీ కాదు.

ఈ పనిలో అసలు గొప్పతనం పోతలో ఉంది. సలాకలు కట్టిన బోనుని ఉక్కు అచ్చులోకి దించుతారు. అచ్చుకి ఒక చివర ఇనుప పలక ఉంటుంది. రెండో చివర మాత్రం పలక ఉండదు, అంతకుముందు పోసి ఆరిన సెగ్మెంటే ఉంటుంది. దాని ముఖానికి అంటుకోకుండా ఓ పూత పూసి, కొత్త కాంక్రీటుని నేరుగా దానికి ఆనించి పోస్తారు. పాతదాని ముఖం మీదున్న ప్రతి గంటూ, ప్రతి బొడిపే కొత్తదాని మీద అచ్చుగుద్దినట్టు దిగుతుంది. విడదీశాక ఆ రెండూ ఒకదానికొకటే జత. మూడోదాన్ని తెచ్చి మధ్యలో పెడితే అమరదు. అందుకే ప్రతి ముక్కకీ నంబరు వేస్తారు. ఏ పిల్లరు దగ్గరికి, వరసలో ఎన్నోదిగా వెళ్లాలో యార్డులోనే రాసేస్తారు.

దారి ఎక్కడా పూర్తిగా తిన్నగా ఉండదు. మలుపులుంటాయి, ఎత్తుపల్లాలుంటాయి. ఆ వంపంతా అచ్చులో పాత ముక్కని ఎంత తిప్పి నిలబెట్టారన్న దాని మీదే ఆధారపడుతుంది. అక్కడ లెక్క మిల్లీమీటర్లలో నడుస్తుంది. పోత అయ్యాక సర్వేయరు మళ్లీ కొలుస్తాడు. కాస్త తేడా వచ్చిందనుకోండి, దాన్ని దాచిపెట్టరు, ముక్కని పారెయ్యరు. ఎంత తప్పిందో రాసుకుని, తర్వాతి ముక్కలో ఆ మేరకు సర్దుతారు. కొలిచి రాసుకోకపోతే ఆ చిన్న తేడాయే చివరికి పెద్దదై పిల్లరు మీద సరిగ్గా కూర్చోదు.

ఇక బిగింపు. రెండు పిల్లర్ల మీద కూర్చున్న లాంచింగ్ గర్డరు ఆ మధ్యకి కావలసిన సెగ్మెంట్లన్నిటినీ వరసగా వేలాడదీస్తుంది. అతుకు ముఖాలకి మేస్త్రీలు ఎపాక్సీ జిగురు పట్టించి, తాత్కాలిక కడ్డీలతో దగ్గరికి లాగుతారు. ఒత్తిడికి అంచుల్లోంచి జిగురు ఉబికి వస్తేనే ముఖమంతా పరుచుకుందని నమ్మకం. కేబుళ్లు వెళ్లాల్సిన గొట్టాల్లోకి జిగురు చొరబడకుండా లోపల వెంటనే తుడిచేస్తారు. ఆ తర్వాత చివరినుంచి చివరిదాకా ఉక్కు తీగల కట్టలు దూర్చి హైడ్రాలిక్ జాకులతో లాగుతారు. తీగ లెక్క ప్రకారం సాగిందో లేదో కొలిచాకే తాళం వేస్తారు. ఇటుకల వరసని రెండు చివర్లా అరచేతులతో అదిమిపట్టి ఒక్కసారే పైకెత్తే కూలీని చూసినవారికి ఈ సూత్రం వేరే చెప్పక్కర్లేదు. విడివిడి ముక్కల్ని ఒక్క దూలంగా నిలబెట్టేది ఆ అదుముడే. చివర్న తీగలు తుప్పు పట్టకుండా గొట్టాల్ని సిమెంటు పాలతో నింపేస్తారు.

స్టేషన్లలోనూ ఇదే నేర్పు. రోడ్డు మధ్యలో ఒకే వరస పిల్లర్లు, వాటి మీద వెన్నెముకలాంటి నడిమి భాగం, దానికి రెండు పక్కలా రెక్కలు. కింద బస్సులూ ఆటోలూ తమ దారిన తాము పోతుంటాయి. మొత్తం మీద స్టేషన్లు 57 నిలబడ్డాయి.

ఇంత నేర్పుతో పని జరిగినా ఆలస్యం ఎందుకైంది? యార్డులో పాటించిన క్రమశిక్షణ సచివాలయంలో లేకపోవడం వల్ల. 2008లో మేటాస్ బృందం ప్రభుత్వం నుంచి సాయం తీసుకోకపోగా తానే 30,311 కోట్లు కడతానంటే ఒప్పేసుకున్నారు. అందులోని ప్రమాదం గురించి అప్పటి ఢిల్లీ మెట్రో అధిపతి ఇ. శ్రీధరన్ ముందే హెచ్చరించారు. మేటాస్ యాజమాన్య కుటుంబానికే చెందిన సత్యం కంపెనీ కుంభకోణం బయటపడ్డాక 2009లో ఆ ఒప్పందం రద్దైంది. 2010 సెప్టెంబరులో ఎల్ అండ్ టీతో కొత్తది కుదిరింది. తెలంగాణ రాష్ట్రం వచ్చాక అసెంబ్లీ ముందు, సుల్తాన్‌బజార్‌లో, పాతబస్తీలో దారి మార్చాలా వద్దా అన్న చర్చతో ఇంకొంత కాలం పోయింది. 2017 నవంబరు 28న మియాపూర్ నుంచి నాగోల్ దాకా 30 కిలోమీటర్లు మొదలయ్యాయి. జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా వెళ్లే భాగం 2020 ఫిబ్రవరిలో గానీ తెరవలేదు. అదే లైన్లో పాతబస్తీ వైపు మిగిలింది మొదటి దశలో కట్టనే లేదు. 2025 సెప్టెంబరులో మొదటి దశని సుమారు 13,000 కోట్ల అప్పుతో సహా రాష్ట్ర ప్రభుత్వమే తీసుకోవడానికి సూత్రప్రాయంగా ఒప్పందం కుదిరింది.

ఇన్ని మార్పుల్లోనూ పని పూర్తిగా ఆగిపోలేదంటే, ఎల్ అండ్ టీతో ఒక ప్రభుత్వం చేసిన సంతకాన్ని తర్వాతి ప్రభుత్వం చించెయ్యలేదు కాబట్టే. ఈ ఘనతలో అన్ని పార్టీలకీ వాటా ఉంది. ముందువాళ్లు వదిలిన చోటే ఆనించి పోసినప్పుడు పని ముందుకి సాగింది. ఆ ముఖాన్ని చెక్కెయ్యాలని చూసినప్పుడల్లా నెమ్మదించింది.

ఇప్పుడు వంతు మన కుత్బుల్లాపూర్ వైపుది. రెండో దశ ప్రతిపాదనల్లో జేబీఎస్ నుంచి మేడ్చల్ దాకా 24.5 కిలోమీటర్లు, శామీర్‌పేట దాకా 22 కిలోమీటర్లు ఉన్నాయి. అదే వైపు ప్యారడైజ్ నుంచి కట్టే ఎలివేటెడ్ రోడ్డు కారిడార్ల కోసం రక్షణశాఖ భూమి ఏళ్ల తరబడి అడిగితే 2024లో అనుమతి వచ్చింది, శంకుస్థాపనలూ జరిగాయి. అనుమతి తెచ్చిన ఘనత కోసం అప్పుడే పోటీ మొదలైంది.

సుచిత్ర, కొంపల్లి, అల్వాల్ జనం ఆ పోటీకి చప్పట్లు కొట్టనక్కర్లేదు. నాయకులు ఓటు అడగడానికి వచ్చినప్పుడు సూటిగా నాలుగు ప్రశ్నలు వెయ్యాలి. ఎంత భూమి చేతికొచ్చింది? నీటి పైపులూ కరెంటు లైన్లూ ఎంతవరకూ మార్చారు? డబ్బు ఎక్కణ్నుంచి? గడువు ఎంత తప్పింది, ఆ తేడాని తర్వాతి పనిలో ఎలా సర్దుతున్నారు? సర్వేయరు ప్రతి పోత తర్వాతా కొలిచి రాసుకున్నట్టే, ప్రభుత్వం కూడా ఈ లెక్క నెలనెలా జనం ముందు పెట్టాలి. అంతటి పనితనం చూపించిన ఊరికి ఆ మాత్రం అడిగే హక్కుంది.