యుద్ధస్మృతి, యానిమేషన్, సాక్ష్యం: ‘వాల్ట్జ్ విత్ బషీర్’ పునర్దర్శనం

ఉపోద్ఘాతం

ఇజ్రాయెల్ దర్శకుడు అరి ఫోల్మన్ రూపొందించిన ‘వాల్ట్జ్ విత్ బషీర్’ 2008లో కాన్ చలనచిత్రోత్సవ పోటీ విభాగంలో తొలిసారి ప్రదర్శితమైంది. 1982లో లెబనాన్‌పై జరిగిన దండయాత్రలో పందొమ్మిదేళ్ల సైనికుడిగా పాల్గొన్న దర్శకుడు, ఆ యుద్ధం తనకు దాదాపు గుర్తు లేదని గ్రహించి, నాటి సహచరులను వెతుక్కుంటూ వెళ్లడం ఇందులోని కథనం. ఇంటర్వ్యూల మీద నిర్మించిన డాక్యుమెంటరీ అయినప్పటికీ, చివరి నిమిషం మినహా చిత్రమంతా గీసిన బొమ్మలతో సాగుతుంది. ఆస్కార్ విదేశీ భాషా చిత్ర విభాగంలో నామినేషన్ పొందిన తొలి యానిమేషన్ చిత్రం ఇదే. 2009లో డీవీడీగా, బ్లూ-రేగా వెలువడడంతో ఇది ఉత్సవాల తెర నుంచి పరిశోధకుల బల్ల మీదికి చేరింది.

ఈ చిత్రాన్ని తెలంగాణ నేల మీద చదవడానికి తగిన కారణముంది. సంగారెడ్డి దగ్గరి ఎద్దుమైలారంలో 1984లో నెలకొన్న ఆయుధ కర్మాగారంలో ‘శరత్’ అనే పదాతిదళ పోరాట వాహనాలు తయారయ్యాయి. పటాన్‌చెరు వైపు భానూరులో క్షిపణులు తయారుచేసే భారత్ డైనమిక్స్ సంస్థ యూనిట్ ఉంది. ఫోల్మన్ చిత్రం వెలువడిన 2008లోనే, ఐఐటీ హైదరాబాద్ తాత్కాలికంగా ఆ ఎద్దుమైలారం ఆవరణలో తరగతులు మొదలుపెట్టింది. వాహనం తయారైన చోట దాని బరువు, వేగం, కవచపు మందం లెక్కకు అందుతాయి. ఆ వాహనంలో కూర్చున్నవాడు ఏమి చూశాడో, పాతికేళ్ల తర్వాత అతనికి ఏమి మిగిలిందో ఆ లెక్కలో చేరదు. ఫోల్మన్ చిత్రం ఆ చేరని భాగాన్నే విషయంగా తీసుకుంది. రెండోసారి చూసినప్పుడు ఇందులోని సౌందర్యమే నేరానికి సాక్ష్యంగా మారుతుందనీ, అయితే ఆ సాక్ష్యం బాధితుల భాష దగ్గరకు వచ్చి ఆగిపోతుందనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

గీతకు ఎక్కిన జ్ఞాపకం

చిత్రం ఒక కలతో మొదలవుతుంది. ఇరవై ఆరు కుక్కలు వీధుల వెంట దూసుకొచ్చి ఒక కిటికీ కింద నిలుస్తాయి. యుద్ధకాలంలో మనుషులను కాల్చలేడని తెలిసి, రాత్రి దాడులకు ముందు మొరిగే కుక్కలను చంపే పని అప్పగించిన ఒక సైనికుడి కల అది. చంపిన కుక్కల లెక్క అతనికి కచ్చితంగా గుర్తుంది. ఆ మిత్రుడి కల విన్న రాత్రే ఫోల్మన్‌కు తన తొలి దృశ్యం మెదులుతుంది: బేరూత్ సముద్రంలోంచి నగ్నంగా లేచి ఒడ్డుకు నడిచే ముగ్గురు యువకులు, ఆకాశంలో నెమ్మదిగా దిగే వెలుగుగుండ్లు.

ఈ రెంటినీ కెమెరా పట్టలేదు. కలకు, భ్రమకు, మరుపుకు దస్తావేజు ఉండదు. యానిమేషన్‌ను ఎంచుకోవడంలోని ఔచిత్యం ఇక్కడే ఉంది. నటులతో పునర్నిర్మిస్తే ప్రేక్షకుడు దాన్ని జరిగినదానిగా నమ్మే ప్రమాదముంది. గీసిన బొమ్మ తాను కల్పితమని మొదటి క్షణం నుంచీ ఒప్పుకుంటుంది. చిత్రంలో ఒక మిత్రుడు చెప్పే మానసిక ప్రయోగం దీనికి వ్యాఖ్యానం వంటిది. తాము ఎన్నడూ వెళ్లని ఉత్సవానికి వెళ్లినట్లు కల్పించిన ఛాయాచిత్రం చూపగా, చాలామంది ఆ రోజును వివరంగా గుర్తుతెచ్చుకున్నారు. జ్ఞాపకం ఖాళీని సహించదు, నింపుకుంటుంది. చిత్రంలోని ప్రతి బొమ్మా అలా నింపుకున్నదే.

కళా దర్శకుడు డేవిడ్ పొలోన్‌స్కీ, యానిమేషన్ దర్శకుడు యోనీ గుడ్‌మన్ సాధించిన కదలికలో ఒక బరువు, ఒక ఆలస్యం కనిపిస్తాయి. మనుషులు నీటిలో నడుస్తున్నట్లు కదులుతారు. చిత్రాన్ని నటుల దృశ్యాలపై గీతలు దిద్ది చేశారన్న అభిప్రాయం తొలినాళ్లలో వినిపించింది. నిజానికి ముందు వీడియోగా తీసి, దృశ్యక్రమంగా పేర్చి, ఆపై ప్రతి బొమ్మనూ విడిగా గీశారు. డిస్కులో చేర్చిన నిర్మాణ విశేషాలు ఈ దశలను చూపుతాయి. మాటలు సాక్షులవి, రూపం చిత్రకారులది. ఇద్దరు సాక్షుల విషయంలో గొంతులు సైతం నటులవే.

వెలుగుగుండ్ల పసుపు

థియేటర్లో ఒకసారి చూసినవారికి సముద్రదృశ్యం స్వప్నసౌందర్యంగానే మిగులుతుంది. పసుపు వన్నె, మాక్స్ రిక్టర్ సంగీతం, నిదానమైన నడక కలిసి మైమరపిస్తాయి. అది మళ్లీ మళ్లీ వస్తుంది; ప్రతిసారీ ఇంకొంచెం ముందుకు సాగుతుంది. చివరికి ఆ వెలుగు ఎక్కడిదో తెలుస్తుంది.

1982 సెప్టెంబరు 14న లెబనాన్ అధ్యక్షుడిగా ఎన్నికైన బషీర్ గెమాయెల్ హత్యకు గురయ్యాడు. 16 నుంచి 18 వరకు అతని అనుచర మిలీషియా సబ్రా, షతీలా శిబిరాల్లో పాలస్తీనియులను ఊచకోత కోసింది. మృతుల సంఖ్యపై అంచనాలు కొన్ని వందల నుంచి మూడు వేలకు పైగా ఉన్నాయి. శిబిరాల చుట్టూ ఇజ్రాయెల్ సైన్యం ఉంది. రాత్రివేళ మిలీషియాకు దారి కనిపించేలా వెలుగుగుండ్లు పేల్చింది ఆ సైన్యమే. 1983లో కహాన్ కమిషన్ ఇజ్రాయెల్‌కు పరోక్ష బాధ్యత ఉందని తేల్చింది. రక్షణమంత్రి ఏరియల్ షారోన్ ఆ పదవి వదులుకోవలసి వచ్చింది.

ఇది తెలిశాక డిస్కును వెనక్కి తిప్పి సముద్రదృశ్యాన్ని చూస్తే అందులోని పసుపు మారిపోతుంది. ప్రేక్షకుడు మెచ్చుకున్న కాంతి, హంతకులకు తోవ చూపిన కాంతి ఒకటే. ఆ దృశ్యం జరిగిందనడానికి చిత్రంలో మరెవరి సాక్ష్యమూ దొరకదు. సంఘటనగా అది బహుశా అసత్యం, వెలుగుగా మాత్రం సత్యం. మరచిపోయిన మనసు నేరాన్ని దాచింది కాని, దాని రంగును దాచలేకపోయింది. థియేటర్లో ముందుకే సాగే ప్రదర్శన ఈ వెనుచూపుకు అవకాశమివ్వదు. గృహ వీక్షణ ఈ చిత్రానికి చేసిన మేలు సౌకర్యం కంటే పెద్దది. ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ చూడడమే జ్ఞాపకం పనిచేసే తీరు కూడా.

ఉపశీర్షిక లేని ఏడుపు

చివర్లో బొమ్మలు ఆగిపోతాయి. శిబిరంలోకి తిరిగివచ్చిన స్త్రీల ఏడుపు, శవాల గుట్టలు వాస్తవ వార్తాచిత్రాలుగా తెరమీదికి వస్తాయి. బొమ్మ కల్పితమని అంతదాకా ఒప్పుకున్న చిత్రం, ఇది కల్పితం కాదని చెప్పే పద్ధతి ఇది. ఔచిత్యదృష్టితో ఈ నిర్ణయం సమర్థనీయం.

కాని ఒక లోపం మిగిలింది. ఆ స్త్రీలు అరబ్బీలో ఏదో అడుగుతున్నారు, ఎవరినో నిలదీస్తున్నారు. ఆ మాటలకు చిత్రం ఉపశీర్షిక ఇవ్వలేదు. సైనికుల సందేహాలకు, కలలకు, హాస్యానికి తొంభై నిమిషాల అనువాదం దొరికింది. బాధితుల మాట శబ్దంగా మాత్రమే మిగిలింది. సైనికుడి చెవికి ఆనాడు అది అర్థం కాలేదు గనుక అలా ఉంచారని సమర్థించవచ్చు. ఆ సమర్థన చిత్రం దృక్కోణం ఎవరిదో మరింత స్పష్టం చేస్తుందే తప్ప, దాని హద్దును చెరిపివేయదు.

ఈ హద్దును గుర్తించడానికి తెలుగులో ఒక కొలమానం ఉంది. స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను వారి మాటల్లోనే నమోదు చేసింది. అప్పటికి ఆ పోరాటం ముగిసి మూడున్నర దశాబ్దాలైంది. ఆ స్త్రీలకూ తడబాట్లున్నాయి, చెప్పలేక ఆగిన చోట్లున్నాయి. దళజీవితంలో కన్నబిడ్డను ఇతరులకు అప్పగించవలసి వచ్చిన కమలమ్మ కథనం వంటివి చదివినప్పుడు, జ్ఞాపకం తెగిన చోటు సైతం భాషలోనే నమోదైనట్లు తెలుస్తుంది. అక్కడ బొమ్మ లేదు, మాట ఉంది. ఫోల్మన్ చిత్రం ముగింపులో బొమ్మ ఉంది, మాట లేదు. ఆయుధం పట్టినవాడి అపరాధస్మృతి, పోరాటంలో నష్టపోయినవారి స్మృతి ఒకే తూనికలో తూగవు; ఎవరి మాట అనువాదానికి నోచుకుంటుందన్న ప్రశ్న మాత్రం రెంటికీ సమానం.

ముగింపు

‘వాల్ట్జ్ విత్ బషీర్’ నిజాయితీ దాని గీతలో ఉంది, పరిమితి దాని నిశ్శబ్దంలో ఉంది. తాను చేసినదాన్ని మరచిన మనిషి ఆ మరుపును ఎలా విప్పుకోవాలో చిత్రం చూపింది. తాను చేసినదాన్ని అనుభవించినవారి మాట ఎలా వినాలో చూపలేదు. కవచవాహనాలు, క్షిపణులు నిత్యోత్పత్తిగా మారిన ప్రాంతంలో ఈ రెండో ప్రశ్న సాహిత్య విద్యార్థులకు మరింత దగ్గరిది. ఆయుధానికి సంబంధించిన ప్రతి కొలత దస్తావేజులకు ఎక్కుతుంది. దాని ముందు నిలిచిన మనిషి మాటను నమోదుచేసే పని భాషది, ఆ భాషను చదువుకునేవారిది.